పద్మ గ్లోవ్స్‌కి ఆముదం

సీతారామారావు చేతిలో పడిన వస్తువు బాగుపడకుండా బయటికి రాదని కెనడాలోని వాటర్లూలో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, ఆయనే చెప్పాడు కాబట్టి. సార్నియాలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్కేళ్ళు మెయింటెనెన్స్ ఇంజినీరుగా పనిచేసి, ఆగిపోయిన పంపుల్నీ కారిపోతున్న వాల్వుల్నీ లెక్కలేనన్ని బతికించి, ఆరేళ్ళ కిందట రిటైరై భార్య పద్మతో వాటర్లూ వచ్చి స్థిరపడ్డాడు. వచ్చాక బతికించడానికి పంపులు దొరక్క ఇంటిమీద పడ్డాడు. మిక్సీ, గరాజ్ తలుపు, పక్కింటివాళ్ళ మంచు ఊడ్చే స్నోబ్లోయరు, గుడిలో గంట, దేన్నీ వదల్లేదు. రోగం ఏదైనా ఆయన వైద్యం నూనెతోనే మొదలయ్యేది. కిర్రుమంటే నూనె, బిగుసుకుపోతే నూనె, ఏమీ కాకపోయినా ముందుజాగ్రత్తగా ఒక చుక్క నూనె.

అంతటి మనిషికి ఏడాదిగా ఒకటి మాత్రం బాగుచేయడం చేతకాలేదు. అది ఆయన స్వయంగా నోటితో పాడుచేసుకున్నది.

సంగతేమిటంటే, పద్మ యాభై ఎనిమిదో ఏట స్కీయింగ్ నేర్చుకుంది. కొండ మీంచి రివ్వున జారే రకం కాదు. చదునుగా ఉండే అడవి దారుల్లో, సన్నటి బద్దలు కాళ్ళకి తగిలించుకుని, రెండు చేతులతో రెండు కర్రలు పొడుచుకుంటూ మంచు మీద సాగిపోయే రకం. ఆసుపత్రి ల్యాబ్‌లో కలిసి పనిచేసి రిటైరైన ఆడవాళ్ళు ఆరుగురు ప్రతి మంగళవారం పొద్దున్నే బయల్దేరుతారు. సార్నియాలో అలాంటి ల్యాబ్‌లోనే పనిచేసి వచ్చిన పద్మ ఏడో మనిషి. ఇంటికి తిరిగొచ్చాక కాఫీ కప్పు రెండు చేతుల్లో పెట్టుకుని గంటసేపు చెప్పేది. ఎవరు ఏ మలుపులో పడ్డారో, ఎక్కడ జింక అడ్డం వచ్చిందో, ఎవరి ఫ్లాస్కులో సూపు మూత ఊడి బ్యాగంతా పాడైందో. సీతారామారావు ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ ఒక్క ముక్క పోకుండా వినేవాడు. వింటున్నానని ఒప్పుకున్న పాపాన మాత్రం పోలేదు.

పోయిన శీతాకాలంలో, ఆ ఆడవాళ్ళంతా ఏటా ఒక ఆదివారం పెట్టుకునే పదిహేను కిలోమీటర్ల స్కీలో, పద్మ ఒక చిన్న పల్లంలో పడింది. చేతికి తగిలించుకునే కర్ర పట్టీ ఎడమ బొటనవేలికి చిక్కుకుని వేలు విరిగింది. ఫోను రాగానే సీతారామారావు ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే ఆస్పత్రికి పరిగెత్తాడు. అక్కడ పద్మ మంచం మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆరుగురు స్నేహితురాళ్ళు. ఆమె నవ్వుతూనే ఉంది. ఈయన ఒంట్లో వణుకు ఇంకా తగ్గలేదు.

"ఈ వయసులో నీకు ఈ కోతిగంతులు అవసరమా? కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటే చేసేవాళ్ళెవరు?" అని గదంతా వినపడేలా అరిచాడు.

అన్నది తెలుగులోనే. కానీ మొగుడు పెళ్ళాం మీద అరుస్తున్నాడని తెలియడానికి ఏ భాషా రానక్కర్లేదు. ఆరుగురూ తలలు వంచుకుని నేల చూశారు. పద్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. అది భయంతో అన్న మాట. ఆ భయం ఎవరికీ కనపడలేదు, మాట మాత్రం అందరికీ వినపడింది.

ఆరు వారాలు వేలికి కట్టు ఉంది. ఆ ఆరు వారాలూ ఆయనే వండాడు, ఆమెకి జడ వేశాడు, స్వెట్టరు జిప్పులు పెట్టాడు. ఆ మాట గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. మళ్ళీ మంచు పడ్డాక పద్మ మంగళవారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. తిరిగొచ్చాక ఈయన "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అనేది. అంతే. జింకా లేదు, సూపూ లేదు. కాఫీ తాగి కప్పు కడిగేసి పైకి వెళ్ళిపోయేది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని సీతారామారావుకి అప్పటిదాకా తెలియదు.

ఈ ఫిబ్రవరిలో ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో ఒక ఆదివారం గడిలో "15" అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉండటం చూశాడు. పోయినేడు పూర్తి చెయ్యలేకపోయిన ఆ పదిహేను కిలోమీటర్లూ మళ్ళీ వెళ్తోందన్నమాట. ముప్ఫై తొమ్మిదేళ్ళు కాపరం చేసిన భార్య సంగతి ఫ్రిజ్ చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆ ఆదివారానికి ముందు వచ్చిన మంగళవారం, పద్మ స్కీయింగ్ నుంచి వచ్చి, స్నానం చేసి, మధ్యాహ్నం బస్సుకి మిస్సిసాగాలో ఉన్న కూతురు స్నేహ దగ్గరికి వెళ్ళింది. శుక్రవారం సాయంత్రానికి వస్తానంది. ఆమె వెళ్ళాక సీతారామారావు బట్టలు ఆరేసే గదిలోకి వెళ్తే, తీగ మీద ఆమె గ్లోవ్స్ కనపడ్డాయి. ఎర్రటివి, అరచేతి వైపు తోలు. ఎడమదాని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు కర్ర పట్టీ రాపిడికి అరిగి, లోపలి దూది బయటికి చూస్తోంది. రెండు వేళ్ళ చివర కుట్లు పోయాయి. చిరిగినచోట నల్ల టేపు చుట్టి ఉంది. అది ఆయన టూల్‌బాక్సులోని టేపే. ఇంట్లో ఇంత పనిమంతుడు ఉండగా, అడిగితే నిమిషంలో బాగుచేస్తాడని తెలిసీ, ఆమె అడగకుండా టేపు చుట్టుకుని చలిలోకి వెళ్తోంది. సీతారామారావు ఆ గ్లోవ్ పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

కొత్తవి కొనుక్కోవచ్చుగా అంటారేమో. కొన్నది పాపం, మూడు జతలు. మూడూ వెనక్కి ఇచ్చేసింది. విరిగి అతుక్కున్న బొటనవేలు ఇప్పుడు పూర్తిగా మడత పడదు. కొత్త గ్లోవ్ ఏది వేసుకున్నా వేలి మొదట్లో ఒరుసుకుని నొప్పి పుడుతుంది. ఈ పాతది ఆ వంకర వేలికి అలవాటుపడిపోయింది.

బాగుచేద్దాం అనుకున్నాడు. ఆమె వచ్చేసరికి చేసి, తీగ మీద ఎలా ఉన్నవి అలా పెట్టేద్దాం. క్షమించమని అడగడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. బాగుచేసిన వస్తువు చేతికిచ్చి పక్కకి తప్పుకోవడం ఒక్కటే వచ్చు.

మంగళవారం సాయంత్రమే టేపు ఊడదీసి, గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, హీటరుకి దూరంగా ఆరేశాడు. బుధవారం బేస్‌మెంట్‌లో దీపం కింద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో చిరిగిన ఫిల్టరు సంచులు చేత్తో కుట్టించేవాళ్ళు. ఆ పనితనం వేళ్ళల్లో ఇంకా ఉంది. తోలు కుట్టే మూడు పలకల సూది, మైనం పట్టించిన దారం. పాత కుట్టు ఏ రంధ్రంలోంచి వెళ్ళిందో అదే రంధ్రంలోంచి, కొత్తది ఒక్కటి కూడా పొడవకుండా, ఒకదాని పక్కన ఒకటి వేసుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనం సంగతి మర్చిపోయాడు. వేళ్ళ చివరలు పూర్తయి, చిరిగినచోట అంచులు దగ్గరికి లాగి కుట్టేసరికి సూర్యుడు దిగిపోయాడు. చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

కడిగి ఆరేసిన తోలు కదా, కాస్త బిరుసుగా అనిపించింది. బిరుసుగా ఉందంటే ఆ చెయ్యి దేనికి వెళ్తుందో మీకు ఈపాటికి తెలుసు. ఫ్యాక్టరీ నూనెలు భార్య చేతికి తగిలే వస్తువుకి వద్దనుకున్నాడు. అప్పుడు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఒంగోలులో వాళ్ళ తాతగారి కిర్రుచెప్పులు. కొత్త జత రాగానే ఆయన ఆముదంలో నానబెట్టేవాడు. వారం తిరిగేసరికి ఆ తోలు వెన్నలా అయ్యేది. ఇంకేం, వంటింటి అలమరలో పద్మ జుట్టుకి రాసుకునే ఆముదం సీసా నిండుగా ఉంది. తెచ్చి, అరచేతిలో పోసుకుని, రెండు గ్లోవ్స్‌కీ వేలు వేలికీ మర్దనా చేశాడు. తోలు తాగేకొద్దీ పోశాడు. సీసా సగం అయింది. గ్లోవ్స్ మెత్తగా, నున్నగా, నిగనిగలాడాయి. ఆ రోజు ఆయన సుఖంగా నిద్రపోయాడు.

గురువారం పొద్దున, అరిగినచోట తోలు ముక్క ఒకటి అతికించడానికి కూర్చున్నాడు. పనిముట్లు పెట్టుకునే తన పాత తోలు సంచి నుంచి మెత్తటి ముక్క కోసి, జిగురు రాసి, క్లిప్పులు పెట్టి బిగించి, మూడు గంటలు ఆగాడు. క్లిప్పు తీయగానే ముక్క జారి ఒళ్ళో పడింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ జారింది. నూనె తాగిన తోలుకి జిగురు ఎలా అంటుతుంది, పిల్లవాడికైనా తెలుస్తుంది. ముక్క సంగతి తర్వాత చూద్దాం, ముందు పట్టు ఎలా ఉందో చూద్దామని గ్లోవ్స్ తొడుక్కుని, పార పట్టుకుని ముంగిట్లో మంచు తియ్యడానికి వెళ్ళాడు. బయట మైనస్ పదహారు. పది నిమిషాలు గడిచాయి. వేళ్ళు మడవబోతే మడత పడలేదు. గ్లోవ్స్ అప్పడాల పీటల్లా బిగుసుకుపోయాయి. పార చేతిలోంచి జారి కాలి మీద పడింది.

అప్పుడు వెలిగింది ఆయనకి. ఒంగోలు ఎండలో వెన్నలా కరిగే ఆముదం ఈ చలికి గడ్డకడుతుంది. సార్నియాలో కొత్తగా చేరిన ప్రతి కుర్ర ఇంజినీరునీ కూర్చోబెట్టి, "డబ్బా మీద బొమ్మ చూసి నూనె కొనకండయ్యా, ఎంత చలికి గడ్డకడుతుందో ముందు చూడండి" అని ముప్ఫై ఒక్కేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఈయనే. ఆ కుర్రాళ్ళలో ఒక్కడు చూసినా పరువు గంగలో కలిసేది.

పరువు పోతే పోయింది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి గుండెల్లో దిగింది. స్కీయింగ్ వద్దని అందరిముందూ అరిచిన మొగుడు. ఆమె ఊళ్ళో లేని నాలుగు రోజుల్లో, సరిగ్గా ఆ ఆదివారానికి ముందు, ఆమెకి పనికొచ్చే ఒకే ఒక్క జత గ్లోవ్స్ పనికిరాకుండా పోయాయి. ఎవరైనా ఏమనుకుంటారు? పద్మ ఏమనుకుంటుంది? కావాలని చేశాడనుకుంటుంది. నోటితో చెప్పకపోవచ్చు. ఆమె ఏదీ నోటితో చెప్పడం మానేసింది. లోపల మాత్రం అలాగే అనుకుని, ఇక ఆ "బాగానే ఉంది" కూడా అనడం మానేస్తుంది. సీతారామారావు గరాజ్‌లో తలకిందుల బకెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున గ్లోవ్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని చంద్రకళ ఇంటికి వెళ్ళాడు. చంద్రకళ రెండు వీధుల అవతల ఉంటుంది. నలభై దాటిన మనిషి, నిజామాబాద్ నుంచి వచ్చింది. తెలుగువాళ్ళకి జాకెట్లు కుడుతుంది, తెల్లవాళ్ళకి చలికోట్ల జిప్పులు మారుస్తుంది. మిషను ఆపి కవరు విప్పింది. ముక్కు మూసుకుంది.

"ఏంటంకుల్ ఇది, బాలింత వాసనొస్తుంది?"

జరిగింది చెప్పాడు. చెబుతుండగానే ఆమె నవ్వు ఆపుకోలేక కుర్చీ వెనక్కి వాలిపోయింది. ఈయనకి ఒళ్ళు మండింది గానీ అవసరం ఈయనది.

"అంకుల్, మీరు వీటికి తలంటు పోసిన్రు! సీసా సగం అంటే పండగ తలంటే."

"నవ్వకమ్మా. ఆదివారానికి బాగుపడతాయా లేదా చెప్పు."

"తలంటు పోసినంక ఏం చేస్తరు? నలుగు పెట్టరా?" అంది చంద్రకళ కళ్ళు తుడుచుకుంటూ. "పిండి నూనెని గుంజుతది. కార్న్‌ఫ్లోర్ తెచ్చి దండిగా కప్పెట్టండి, లోపలిదాకా అద్దండి. మూడు గంటలకోసారి దులిపి కొత్త పిండి వెయ్యాలె. వెచ్చటి చోట పెడితే నూనె మెల్లగా పైకొస్తది. సున్నిపిండి మాత్రం రుద్దకండి మళ్ళీ, పసుపంటితే పెళ్ళికూతుళ్ళయితయి."

"ముక్క అతుక్కోవడం లేదు."

"జిగురెందుకు? చుట్టూ కుట్టెయ్యండి. చివర్న తేనెమైనం రుద్దండి, నీళ్ళు లోపలికి పోకుండ. ఇగ నూనె జోలికి పోకండి." ఆమె గ్లోవ్ తిప్పి వేళ్ళ చివరలు చూసింది. నవ్వు మానేసింది. "ఈ కుట్టెవరేసిన్రు?"

"నేనే."

"నేను గూడ ఇంత సన్నగ వెయ్యను అంకుల్. ఆంటీకి ఎరుకేనా ఇదంతా?"

"తెలీదు. సాయంత్రం వస్తుంది. ఈలోపు అయిపోతుందా?"

"కాదు. రేపు రాత్రిదాకా పట్టొచ్చు. నేనైతే ముందే చెప్పేస్త. పిండిల పెట్టినంక దొరికితే ఇంకా అధ్వానంగుంటది."

దార్లో రెండు డబ్బాల కార్న్‌ఫ్లోర్ కొనుక్కుని ఇంటికొచ్చాడు. బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన పెద్ద పళ్ళెంలో పిండి పోసి, గ్లోవ్స్ పెట్టి, పైన మళ్ళీ పిండి కప్పాడు. మధ్యాహ్నం దులిపి చూస్తే పిండి తడిసి ఉండలు కట్టింది. గుంజుతోంది! ఆయన ప్రాణం కొంచెం లేచొచ్చింది. మార్చి కొత్తది వేశాడు. సాయంత్రం దాకా మెట్లెక్కుతూ దిగుతూ, పద్మకి ఎలా చెప్పాలో పదిరకాలుగా అనుకుని, పదీ వదిలేశాడు.

అయిదున్నరకి పద్మ వచ్చింది. కోటు విప్పుతూ గాలి పీల్చింది.

"ఇంట్లో ఆముదం వాసనేమిటండీ? కడుపులో బాగాలేదా?"

అదేం లేదు అని తప్పించుకోవచ్చు. ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది కూడా. "కిందకి రా, ఒకటి చూపించాలి" అన్నాడు.

పళ్ళెంలో రెండు గ్లోవ్స్ పిండిలో ముంచి, బజ్జీలకి సిద్ధం చేసిన అరటికాయల్లా పడి ఉన్నాయి. పద్మ వాటిని చూసింది. ఆయన్ని చూసింది. మళ్ళీ వాటిని చూసింది. ఆయన కడిగిన దగ్గర్నుంచి చంద్రకళ నలుగు దాకా వరస తప్పకుండా చెప్పాడు, ఫ్యాక్టరీలో ప్రమాదం రిపోర్టు చదివినట్టు.

"ఆదివారం నేను వెళ్ళకుండానా?" అంది.

గురువారం నుంచీ ఏ మాటకి భయపడుతున్నాడో అదే మాట. సీతారామారావు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"కాదు పద్మా. నువ్వు అలాగే అనుకుంటావని నాకు తెలుసు. నేనైనా అలాగే అనుకుంటాను. కానీ కాదు." ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి గబగబా చెప్పేశాడు. "నువ్వు వచ్చి నాకేమీ చెప్పడం లేదు. ఏడాదైంది. జింకలు కనపడుతున్నాయో లేదో కూడా నాకు తెలీదు. ఆ రోజు ఆస్పత్రిలో నాకు చచ్చేంత భయమేసింది. భయమేసిందని చెప్పడం రాక ఆ మాట అన్నాను. తప్పు. అప్పుడే చెప్పాల్సింది. ఇవి బాగుచేసి ఇస్తే చెప్పినట్టే అవుతుందనుకున్నాను."

పద్మ పిండిలోంచి ఎడమ గ్లోవ్ తీసి, రెండు సార్లు దులిపి, దీపం దగ్గరికి వెళ్ళింది. మెళ్ళో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు మైక్రోస్కోపులో చూసిన కళ్ళు అవి, దేన్నీ తొందరగా చూసి వదలవు. చిటికెన వేలి చివర చూసింది, ఉంగరం వేలి చివర చూసింది, బొటనవేలి మొదట్లో కుట్టు వెంట గోరు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

"ఒక్క వేలికే ఇరవై ఆరు" అంది పద్మ. "పాత రంధ్రాల్లోంచే వేశారు."

"కొత్తవి పొడిస్తే నీళ్ళు దిగుతాయని."

"పాడుచెయ్యాలనుకున్నవాడు ఇన్ని కుట్లు వెయ్యడండీ."

ఆ మాటతో సీతారామారావు గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతికి పిండి ఉందని మర్చిపోయి తుడుచుకున్నాడు. మొహమంతా తెల్లగా అయింది. పద్మ చూసి నవ్వింది. చాలా రోజులకి, పళ్ళు కనపడేలా. తర్వాత నవ్వు ఆపింది.

"కోతిగంతులన్నారు."

"అన్నాను."

"అందరి ముందూ అన్నారు."

"అందరి ముందే అన్నాను."

"ఆదివారం వాళ్ళందరూ అక్కడే ఉంటారు" అని, గ్లోవ్ మళ్ళీ పిండిలో పెట్టి, నీట్‌గా కప్పి, పైకి వెళ్ళిపోయింది. అర్థం చేసుకోవడానికి ఆయనకి ఒక్క నిమిషం పట్టింది.

శనివారం ఇద్దరూ బేస్‌మెంట్‌లోనే ఉన్నారు. పిండి మార్చడం పద్మ తీసుకుంది. ఆయన ప్రతిసారీ గ్లోవ్స్ గరాజ్ బయట చలిలో పెట్టి, ఎంత బిగుసుకుంటున్నాయో చూసి వచ్చి రిపోర్టు ఇచ్చాడు. పొద్దున అప్పడాల పీటలు, మధ్యాహ్నానికి అట్టముక్కలు, సాయంత్రానికి మామూలు తోలు. చివరిసారి దులిపిన పిండి పొడిపొడిగా రాలింది. గుడ్డని సబ్బునీళ్ళలో ముంచి, నీళ్ళు గట్టిగా పిండేసి ఒకసారి తుడిచారు. ఆరాక ఆయన తోలు ముక్క చుట్టూ కుట్టాడు. మధ్యమధ్య పద్మ గ్లోవ్ తొడుక్కుని, బొటనవేలు ఆడించి, "ఇక్కడ కొంచెం వదులు చెయ్యండి" అంటే విప్పి మళ్ళీ వేశాడు. ఆఖరున తేనెమైనం రుద్ది, హెయిర్ డ్రయ్యరు దూరంగా పట్టుకుని కరిగించాడు. నూనె సీసాని పద్మ అంతకుముందే ఎక్కడో దాచేసింది. మంచిపనే చేసింది, మనిషిని నమ్మడానికి లేదు.

ఆదివారం ఆయనే కారు నడిపాడు. అయిదేళ్ళుగా ఆమె వెళ్తున్న అడవి ఆయన మొదటిసారి చూశాడు. ఆరుగురు ఆడవాళ్ళూ ఆయన్ని చూసి మర్యాదగా తల ఊపి ఊరుకున్నారు. పద్మ బద్దలు తగిలించుకుని, గ్లోవ్స్ లాక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా చెట్లలోకి వెళ్ళిపోయింది. ఎర్ర చేతులు రెండూ కాసేపు కనపడ్డాయి.

సీతారామారావు రెండు గంటల నలభై నిమిషాలు నిలబడ్డాడు. అందులో ప్రతి నిమిషం ఆమె ఏదో పల్లంలో పడుతూనే ఉంది ఆయన ఊహలో. ఒకరొకరే వచ్చారు. ఆరో మనిషీ వచ్చేసింది. ఆయన దారి మొదట్లోకి పదడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాడు. అప్పుడు మలుపులో ఎర్ర చేతులు కనపడ్డాయి. నింపాదిగా, ఒకటి తర్వాత ఒకటి. ఆయన ఊపిరి వదిలిన పొగ మొహాన్ని కమ్మేసింది.

పద్మ వచ్చి ఆగింది. బుగ్గలు కందిపోయి ఉన్నాయి, కనుబొమల మీద మంచు.

"చేతులు?" అన్నాడు ముందుగా.

ఆమె ఎడమ గ్లోవ్ తీసి, అరచెయ్యి ఆయన చెంపకి ఆనించింది. పొడిగా ఉంది, వెచ్చగా ఉంది, కొంచెం ఆముదం వాసన ఇంకా ఉంది.

ఆడవాళ్ళు సూపు కప్పులతో చుట్టూ చేరారు. సీతారామారావు టోపీ తీశాడు. మైనస్ పదకొండులో అవసరం లేని పని. ఇంగ్లీషులో, మీటింగుల్లో మాట్లాడినట్టు కాకుండా, తడుముకుంటూ చెప్పాడు. పోయినేడు ఆస్పత్రిలో మీ అందరి ముందూ నేను పద్మని ఒక మాట అన్నాను. నా భాషలో అన్నాను కాబట్టి మీకు అర్థం కాలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అర్థమైందని నాకు తెలుసు. నేను అనకూడదు. ఆమెకి ఏమైందోనని భయపడ్డాను, అంతే.

వాళ్ళలో పెద్దావిడ, "మాకు బాగానే అర్థమైంది" అని, సూపు కప్పు ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు చెప్పింది కూడా." పద్మ బద్దలు విప్పుకుంటూ కిందికి వంగి ఉంది, ఆమె మొహం ఆయనకి కనపడలేదు.

తిరుగు ప్రయాణంలో కార్లో హీటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. గ్లోవ్స్ పద్మ ఒళ్ళో ఉన్నాయి. ఊరి మొదట్లో సిగ్నలు వచ్చింది, పోయింది. సీతారామారావు ఎలా ఉంది అని అడగబోయి, ఆ "బాగానే ఉంది" వినడానికి ధైర్యం చాలక మానేశాడు.

"ఏడో కిలోమీటరు దగ్గర ఏమైందో తెలుసా?" అంది పద్మ.

ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"పోయినేడు నేను పడ్డ పల్లం. పైన నిలబడి కిందికి చూస్తే కాళ్ళు వణికాయండీ. వెనక్కి వెళ్ళిపోదామా అనుకున్నా. అప్పుడు కింద, సరిగ్గా దారి మధ్యలో, ఓ జింక. తల్లి. పక్కన పిల్ల. రెండూ నన్నే చూస్తున్నాయి, ఈవిడ దిగుతుందా దిగదా అన్నట్టు. నేను కర్రలు పట్టుకుని నిలబడే ఉన్నా. అవీ కదలవు, నేనూ కదలను. వెనకనుంచి ఎవరో ముసలాయన వచ్చి..."

మాటలు కట్ట తెగినట్టు వస్తున్నాయి. ముసలాయన, ఆయన కుక్క, కుక్క తొడుక్కున్న కోటు, పదో కిలోమీటరు దగ్గర సగం గడ్డకట్టిన వాగు. సీతారామారావు ఫోను చూస్తున్నట్టు నటించలేదు, నటించడానికి చేతిలో ఫోను లేదు. ప్రతి ముక్కకీ ఊఁ కొడుతున్నాడు. వాళ్ళ వీధి మలుపు వచ్చింది. ఆయన బండి తిప్పలేదు.

"ఏమండీ, ఇల్లు దాటిపోయాం" అంది పద్మ.

"తెలుసు. కుక్క కోటు ఏ రంగన్నావు?"